మెదడులో వెలిగే పసుపు

శాస్త్ర విషయాలు తెలుగులో రాయబోతే రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, మాటలు దొరకవు. రెండు, దొరికిన మాటలు చదివేవాళ్ళకు అర్థం కావు. అందుకని ఈ సంచికకు రసాయనశాస్త్రం తరఫున ఒక వ్యాసం రాయమన్నప్పుడు మనందరికీ తెలిసిన వస్తువుతో మొదలుపెట్టాలనుకున్నాను. ఆ వస్తువు పసుపు. ముగింపు మాత్రం మనిషి మెదడు దగ్గర. మధ్యలో శ్రీశైలం ఆనకట్ట, కడప బండలు, నల్లమల చెక్‌పోస్టు తగులుతాయి. పాఠకులు కాస్త ఓపిక పట్టగలరు.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుందని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళికూతురు కాళ్ళకు పెట్టే పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. రసాయనశాస్త్రం భాషలో దీన్ని ఇలా చెప్పుకోవచ్చు: పసుపులోని ఒక అణువుకు సున్నం తగిలింది, అణువు రంగు మార్చుకొని ఆ సంగతి మన కంటికి చెప్పింది. సున్నం తెల్లగా నీళ్ళలో కలిసిపోయి ఉంటే మనకు కనపడదు, పసుపు దాన్ని పట్టిచ్చింది. కనపడని ఒక పదార్థాన్ని వెతికి, దానికి తగులుకొని, రంగుతోనో వెలుగుతోనో మనకు కబురు చెప్పే అణువును ఇంగ్లీషులో ప్రోబ్ అంటారు. నేను ఈ వ్యాసంలో ‘ఆనవాలు అణువు’ అంటాను. పారాణి పళ్ళెంలో జరిగే పనినే మెదడులో జరిపించాలని ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు పాటుపడుతున్నాయి. ఎందుకో చెప్పే ముందు, అణువులు వెలగడం అంటే ఏమిటో చూద్దాం.

వెలుగు మింగి వెలుగు కక్కడం

నోట్లు దొంగవో మంచివో చూసే నీలలోహిత దీపం బ్యాంకుల్లో, పెద్ద అంగళ్ళలో ఉంటుంది. చీకటి గదిలో ఆ దీపం కింద రెండు గ్లాసులు పెట్టండి. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో స్పిరిట్ పోసి, రెండిట్లోనూ చిటికెడు పసుపు వేసి కలపండి. నీళ్ళ గ్లాసు మందంగా, మట్టి రంగులో ఉంటుంది. స్పిరిట్ గ్లాసు మాత్రం ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ధగధగా వెలుగుతుంది. మా డిపార్టుమెంటుకు వచ్చే ఇంటర్ పిల్లలకు నేను చూపించే మొదటి ప్రయోగం ఇదే. ‘సార్, లోపల బల్బు పెట్టినారా?’ అని అడగని బ్యాచ్ లేదు.

ఇలా ఒక రంగు కాంతిని మింగి, మరో రంగు కాంతిని వెంటనే బయటికి పంపడాన్ని ప్రతిదీప్తి అంటారు. 1852లో కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. ఆయన మలేరియా మందు క్వినైన్ ద్రావణం మీద కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పడనిచ్చి, అది నీలంగా వెలగడం చూపించాడు. మింగిన కాంతి కన్నా కక్కిన కాంతికి శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ అని తేల్చాడు. ఆ తేడాకు ఈనాటికీ ఆయన పేరే.

శక్తి ఎందుకు తగ్గుతుంది? నేను పెరిగింది సున్నిపెంటలో, అంటే శ్రీశైలం ప్రాజెక్టు కాలనీలో. అప్పట్లో అది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆనకట్టతో చెప్పడమే సులువు. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. అవి మామూలు యంత్రాలు కావు, రెండువైపులా తిరుగుతాయి. కరెంటు మిగులున్నప్పుడు ఆ కరెంటుతోనే కింది నీళ్ళను పైకి తోడి జలాశయంలో పోయగలవు. కరెంటు అవసరమైనప్పుడు అవే నీళ్ళు కిందికి దిగుతూ అవే యంత్రాలను తిప్పుతాయి. అయితే తోడడానికి ఖర్చయిన కరెంటంతా తిరిగి రాదు. దారిలో కొంత రాపిడికి పోతుంది.

అణువులో జరిగేదీ ఇదే. కాంతి వచ్చి అణువులోని ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎక్కిస్తుంది. పైన అది కాసేపు, అంటే సెకనులో వంద కోట్లో వంతు లెక్కన కొద్ది వంతుల సేపు మాత్రం నిలుస్తుంది. ఆ కాస్తలోనే కొంత శక్తి వేడిగా పోతుంది. మిగిలిన శక్తితో ఎలక్ట్రాన్ కిందికి దిగుతూ కాంతిని వదులుతుంది. అందుకే నీలలోహితం మింగిన పసుపు, పచ్చని వెలుగు కక్కుతుంది.

మరి నీళ్ళలో పసుపు ఎందుకు వెలగలేదు? ఆనకట్ట దగ్గరికే మళ్ళీ పోదాం. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వరద వచ్చినప్పుడు 12 గేట్లూ ఎత్తితే చూడడానికి జనం బస్సులు కట్టుకొని వస్తారు. కాని గేట్ల మీదుగా దూకిన నీళ్ళు నురగలు కక్కుతాయే తప్ప ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వవు. అణువుకు కూడా ఇలాంటి గేట్లు ఉంటాయి. అది మెలికలు తిరిగినా, చుట్టూ ఉన్న నీటి అణువులకు శక్తిని అప్పజెప్పినా, ఎలక్ట్రాన్ కాంతి లేకుండానే కిందికి జారిపోతుంది. గేట్లు మూస్తే నీళ్ళు టర్బైన్ గుండా పోక తప్పదు. అణువు కదలకుండా బిగిస్తే వెలుగు ఇవ్వక తప్పదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంది. దయచేసి గుర్తుపెట్టుకోండి.

మెదడులో పేరుకునే బండలు

ఇప్పుడు జబ్బు సంగతి. మా జేజిది మైదుకూరు దగ్గర పల్లె. పసుపు పండించిన ఇల్లు. కొమ్ము విరిచి, విరిగిన చోట రంగు చూసి ధర చెప్పేది. డెబ్బై దాటాక సున్నిపెంటలో మా దగ్గరే ఉండేది. మొదట వస్తువులు పెట్టిన చోటు మరిచింది. తరువాత మనుషుల పేర్లు మరిచింది. ఆ తరువాత సాయంత్రమైతే చాలు, చిన్న మూట కట్టుకొని బస్టాండుకు బయలుదేరేది. ‘అబ్బీ, మైదుకూరు బస్సు ఎప్పుడొస్తాది? కల్లంలో పసుపు ఆరబోసి వచ్చినా, వానొస్తాది’ అనేది. అప్పటికి ఆ కల్లం అమ్మేసి ఇరవై ఏళ్ళు.

బెంగళూరులో పెద్ద డాక్టరుగారు చాలాసేపు ఓపికగా పరీక్షించి, ఇది ఆల్జీమర్స్ కావచ్చు అన్నారు. ‘కావచ్చు అంటే?’ అని మా నాన్న అడిగినాడు. ‘లక్షణాలు అలాగే ఉన్నాయి. కాని ఖాయంగా చెప్పాలంటే మెదడు కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. బతికున్న మనిషికి అది చెయ్యలేం కదా’ అన్నారాయన. ఆ మాటలో తప్పేమీ లేదు. దాదాపు నూరేళ్ళు వైద్యశాస్త్రం మొత్తం ఆ మాట దగ్గరే ఆగి ఉండింది. నేను రసాయనశాస్త్రంలో ఈ దారి పట్టడానికి ఆ మాట ఒక కారణం.

1906లో జర్మన్ వైద్యుడు అలాయిస్ ఆల్జీమర్, మతి తప్పి చనిపోయిన ఆగస్టె డేటర్ అనే స్త్రీ మెదడును వెండి లవణాలతో రంగు వేసి చూశాడు. నాడీకణాల మధ్య మచ్చల్లాంటి గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ దారపు ఉండలు కనిపించాయి. ఆ గడ్డలు దేనితో తయారయ్యాయో తెలియడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 1984లో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్ అనే ఇద్దరు ఆ పదార్థాన్ని వేరుచేశారు. దాన్ని అమిలాయిడ్ బీటా అంటున్నాం. ప్రధానంగా 40 లేక 42 అమైనో ఆమ్లాల పొడవుండే చిన్న మాంసకృత్తి ముక్క. దారపు ఉండల్లో ఉన్నది టౌ అనే మరో మాంసకృత్తి. పార్కిన్‌సన్స్ జబ్బులో పేరుకునేది ఆల్ఫా సైన్యూక్లిన్ అని 1997లో తేలింది.

జబ్బులు వేరైనా కథ ఒకటే. విడిగా ఉన్నప్పుడు ఈ మాంసకృత్తులు ఎవరికీ హాని చెయ్యవు. ఏ కారణం చేతనో మడత తప్పి, చదునుగా సాగి, ఒకదాని మీద ఒకటి పేరుకోవడం మొదలుపెడితే మాత్రం ఆగవు. లారీలో కడప బండలు పేర్చడం చూశారా? చదునైన బండ మీద మరో చదునైన బండ. అమిలాయిడ్ పోగు అలాంటి దొంతరే. బండకూ బండకూ మధ్య దూరం సుమారు 0.47 నానోమీటరు, అంటే మిల్లీమీటరులో ఇరవై లక్షల వంతు. దొంతర పక్కన నిలువునా సన్నని గాడులు ఏర్పడతాయి. ఆ గాడులే ఆనవాలు అణువుకు ఆసనాలు.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అందులో ఆల్జీమర్స్ ఎందరికో, రక్తనాళాల దెబ్బ వల్ల వచ్చినది ఎందరికో, పోషకాహార లోపం వల్ల, థైరాయిడ్ వల్ల మతి మందగించి మందులతో బాగుపడగలవారు ఎందరో విడదీయాలంటే లోపల చూడాలి. చూడకుండా ‘ముసలితనం’ అని ఒకే మూట కడితే, బాగయ్యేవాళ్ళు కూడా బాగుకారు.

బట్టల రంగు నుంచి థయోఫ్లావిన్ దాకా

అమిలాయిడ్‌ను మొదట పట్టిచ్చింది బట్టలకు వేసే రంగు. 1922లో బెన్‌హోల్డ్ అనే జర్మన్ వైద్యుడు కాంగో రెడ్ అనే అద్దకపు రంగు అమిలాయిడ్‌కు అంటుకుంటుందని కనిపెట్టాడు. 1959లో వాసార్, కల్లింగ్ అనేవారు థయోఫ్లావిన్-టి అనే మరో రంగును వాడారు. ఇది ప్రతిదీప్తినిచ్చే రంగు. నేటికీ ప్రపంచమంతటా అమిలాయిడ్ ప్రయోగాల్లో వాడేది ఇదే. నా బల్ల మీద కూడా దీని సీసా ఉంది.

థయోఫ్లావిన్ అణువులో రెండు భాగాలు. వాటిని కలిపేది ఒకే ఒక బంధం. నీళ్ళలో ఉన్నప్పుడు ఆ బంధం చుట్టూ రెండు భాగాలూ బొంగరంలా తిరుగుతాయి. అంటే గేట్లు ఎత్తి ఉన్నాయి, వెలుగు రాదు. అమిలాయిడ్ దొంతర గాడిలో ఇరుక్కుంటే తిరగడానికి చోటుండదు. గేట్లు మూతపడతాయి. 450 నానోమీటర్ల నీలి కాంతి వేస్తే 480 దగ్గర ఆకుపచ్చ కలిసిన నీలంలో గట్టిగా వెలుగుతుంది. కట్టుకోని అణువులు చీకట్లోనే ఉంటాయి కనుక కడిగి పారబోయనక్కరలేదు. వెలిగిన చోటల్లా అమిలాయిడ్ ఉందన్నమాట.

ఈ పని మన హైదరాబాదులో కూడా జరిగింది. సి.సి.ఎం.బి.లో సిహెచ్. మోహన్‌రావుగారి బృందం కంటి కటకంలో ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ మాంసకృత్తుల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇవి తోటి మాంసకృత్తులు గడ్డకట్టకుండా కాపుకాస్తాయి. కంటిలో ఆ కాపు సడలితే శుక్లాలు వస్తాయి. మెదడులో కూడా ఈ కాపు పనిచేస్తుందా? బి. రామన్, తంగిరాల రామకృష్ణ, మోహన్‌రావు తదితరులు, జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన యూజీ గోటో బృందంతో కలిసి 2005లో దీనికి జవాబు ప్రకటించారు. గాజు పలక మీద అమిలాయిడ్ పోగులు పెరుగుతుండగా, థయోఫ్లావిన్ వెలుగులో ఒక్కొక్క పోగునూ విడివిడిగా చూశారు. ఆల్ఫా-బి క్రిస్టలిన్ కలిపితే ఆ పెరుగుదలకు అడ్డుపడింది. వెలుగు లేకపోతే ఈ సంగతి చెప్పడానికి వేరే సాక్షి దొరకడం కష్టం.

నల్లమల చెక్‌పోస్టు

గాజు పలక మీద సరే, బతికున్న మనిషి మెదడులోకి అణువును పంపడం ఎలా? శ్రీశైలం వచ్చే దారిలో అటవీశాఖ చెక్‌పోస్టులున్నాయి. రాత్రిపూట గేటు వేస్తారు, ఎంతటి భక్తుడైనా తెల్లారేదాకా ఆగవలసిందే. మెదడుకు అలాంటి కాపలా రాత్రీ పగలూ ఉంటుంది. మెదడు రక్తనాళాల గోడల్లోని కణాలు సందు లేకుండా అతుక్కొని ఉంటాయి. పెద్ద అణువులను, విద్యుదావేశం ఉన్న అణువులను రానివ్వవు. చిన్నదిగా, ఆవేశం లేకుండా, కొవ్వులో కరిగే గుణం ఉన్నదైతే దాటగలదు.

థయోఫ్లావిన్‌కు ధనావేశం ఉంది. గేటు దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఆ ఆవేశాన్ని తీసేసి, అణువును కాస్త మార్చి, గేటు దాటించారు. అయితే పుర్రెలోంచి నీలి వెలుగు బయటికి రాదు కదా. అందుకని వెలుగుకు బదులుగా రేడియోధార్మిక కార్బన్-11ను అందులో పెట్టారు. 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటిసారి ఒక రోగికి ఇచ్చారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. పిట్స్‌బర్గ్ కాంపౌండ్ అనే ఆ అణువుతో, బతికున్న మనిషి మెదడులో అమిలాయిడ్ ఎక్కడ ఉందో తెర మీద కనిపించింది. మా జేజి డాక్టరుగారు చెప్పిన ‘మెదడు కణజాలం చూడాలి’ అన్న షరతుకు మొదటి సవరణ అది. ఒక మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా తిరుగుతున్న వృద్ధుల్లో కొందరికి కూడా అమిలాయిడ్ కనిపించింది. అంటే గడ్డ కనపడినంతమాత్రాన జబ్బు ఖాయమని కాదు. వైద్యుడు లక్షణాలతో కలిపి చూడాలి.

ఇక్కడ మనవంటి ప్రాంతాలకు ఒక లెక్క ఉంది. కార్బన్-11 అర్ధజీవితం 20 నిమిషాలు. హైదరాబాదులో తయారుచేసి బస్సులో శ్రీశైలం పంపితే, సుమారు 5 గంటల ప్రయాణంలో 15 అర్ధజీవితాలు గడిచిపోతాయి. బయలుదేరిన దాంట్లో 32,768లో ఒక వంతు మిగులుతుంది! తరువాత వచ్చిన ఫ్లోరిన్-18 అణువుల అర్ధజీవితం 110 నిమిషాలు. అదే బస్సులో 15 శాతం దాకా మిగులుతుంది. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఫ్లోర్‌బీటాపిర్ ఈ రకానిది. అయినా సైక్లోట్రాన్, పెట్ స్కానర్, లక్షల్లో ఖర్చు. పల్లెటూరి జేజిలకు ఇది ఎప్పటికి అందేను? వెలుగుతోనే పని జరిపించే దారి కోసం రసాయనశాస్త్రజ్ఞులు పట్టు వదలకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

కుంకుమకు చుట్టం

ఇప్పుడు పసుపు దగ్గరికి వద్దాం. పసుపులోని రంగు అణువు పేరు కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్టియే దాన్ని వేరుచేశారు. దాని నిర్మాణాన్ని 1910లో పోలండ్ శాస్త్రజ్ఞులు తేల్చారు. రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో సన్నని కాడి, కాడి నడిమధ్యన రెండు ఆక్సిజన్ పరమాణువులు. మనిషి రెండు చేతులూ చాచి నిలబడ్డట్టు ఉంటుంది. పొడుగ్గా, చదునుగా ఉంటుంది కనుక అమిలాయిడ్ గాడిలో సరిపోతుంది. కర్కుమిన్ అమిలాయిడ్‌కు అంటుకుంటుందని 2005లో కాలిఫోర్నియా బృందం ఎలుకల్లో చూపించింది. గాడిలో ఇరుక్కున్న కర్కుమిన్ స్పిరిట్ గ్లాసులోలాగే వెలుగుతుంది. మైదుకూరు కల్లాల్లో ఆరబోసిన కొమ్ములోనే ఒక ఆనవాలు అణువు ఉందన్నమాట.

కాని దాని వెలుగు పచ్చన. పచ్చని వెలుగు మాంసంలో నుంచి బయటికి రాదు. అనుమానముంటే చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి మూసి చూడండి. తెల్లని వెలుగులో ఎరుపు ఒక్కటే వేళ్ళ సందుల్లోంచి, చర్మం గుండా బయటపడుతుంది. మిగతా రంగుల్ని రక్తం మింగేస్తుంది. కాబట్టి మెదడు నుంచి కబురు రావాలంటే వెలుగు ఎరుపు దాటి, పరారుణం అంచున, 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండాలి. కర్కుమిన్‌ను ఎరుపు వైపు జరపడం ఎలా?

ఈ ప్రశ్నకు జవాబు మన అవ్వల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది! ఇంట్లో కుంకుమ చేసే పాతపద్ధతి గుర్తుచేసుకోండి. పసుపు కొమ్ములు, వెలిగారం, పటిక, నిమ్మరసం. భ్రమరాంబ అమ్మవారికి కుంకుమార్చన చేసే భక్తులకు కుంకుమ పసుపు నుంచి పుడుతుందని తెలుసు, కాని ఆ ఎరుపు ఎక్కడిదో చాలామంది ఆలోచించరు. వెలిగారం అంటే బోరాక్స్. అందులో ఉన్నది బోరాన్. నిమ్మరసం పులుపులో ఆ బోరాన్ వెళ్ళి కర్కుమిన్ నడిమధ్య రెండు ఆక్సిజన్ల మధ్య కూర్చుంటుంది. దాంతో అణువులోని ఎలక్ట్రాన్ల మెట్ల మధ్య ఎత్తు తగ్గి, రంగు ఎరుపుకు జరుగుతుంది. బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో బోరేటును పసుపు కాగితంతో పరీక్షించిన ప్రతి విద్యార్థీ ఈ పని చేసినవాడే. తెలియకుండా కుంకుమ చేసినవాడే.

2009లో అమెరికాలో బోస్టన్‌కు చెందిన చోంగ్‌జావో రాన్, అన్నా మూర్ బృందం ఇదే స్థానంలో బోరాన్‌ను, దానికి తోడు రెండు ఫ్లోరిన్లను కూర్చోబెట్టి, చివరి వలయాలను కూడా మార్చింది. ఆ అణువుకు క్రానాడ్-2 అని పేరు. నీటి ద్రావణంలో 805 నానోమీటర్ల దగ్గర మందంగా వెలిగే ఈ అణువు, అమిలాయిడ్ దొంతరకు తగులుకోగానే 715కి జరిగి, 70 రెట్లు ఎక్కువ వెలుగుతుంది. రెండూ మాంసాన్ని దాటగల వెలుగులే. ఎలుకల్లో పుర్రె తెరవకుండానే బయటినుంచి తేడా కనిపెట్టగలిగారు. మన కుంకుమకు ఇది దగ్గరి చుట్టమని నేనంటే అతిశయోక్తి అనుకోకండి. బోరాన్ కూర్చున్న పీట ఒక్కటే.

మనిషి పుర్రె ఎలుక పుర్రె కన్నా మందం. అందుకే మనుషుల్లో మరో కిటికీ వెతికారు. అది కన్ను. కంటి వెనుక రెటీనా పుట్టుకతో మెదడులో భాగమే. లాస్ ఏంజిలిస్‌లోని సీడర్స్-సైనాయ్ కేంద్రం పరిశోధకులు 2017లో కొద్దిమంది రోగులకు కర్కుమిన్‌ను కొన్నాళ్ళు నోటిద్వారా ఇచ్చి, కంటి వెనుక ఫొటోలు తీసి, వెలిగే చుక్కలను లెక్కపెట్టారు. జబ్బు ఉన్నవాళ్ళలో చుక్కలు ఎక్కువ కనిపించాయి. ఇది ఇంకా పరిశోధన దశ దాటలేదు. వయసు మళ్ళిన కన్నులో వేరే పదార్థాలు కూడా తమంతట తాము వెలుగుతాయి, వాటిని విడదీయడం సులువు కాదు. అయినా కంటి ఫొటో తీసే యంత్రం మన జిల్లా కేంద్రాల్లో కూడా ఉండదగినదే. అందుకే నాకు ఈ దారి మీద ఆశ.

అమిలాయిడ్ ఒక్కటే కాదు

గడ్డలు కనపడేసరికి నష్టం చాలా జరిగిపోయి ఉంటుంది. అందుచేత అంతకుముందు మారే వాటిని కూడా వెతుకుతున్నారు. కాల్షియం, జింకు, రాగి అయాన్లు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి దూకుడు అణువులు. పార్కిన్‌సన్స్‌లో ముఖ్యమైన మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. కణం లోపలి చిక్కదనం. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రకం ఆనవాలు అణువు. కొన్నిటికి రసాయనశాస్త్రజ్ఞుడే గేటుకు తాళం వేసి పంపుతాడు. పెరాక్సైడ్ వచ్చి తాళం విరగ్గొడితేనే వెలుగు వస్తుంది. 1985లో రోజర్ చియెన్ బృందం కాల్షియం కోసం చేసిన ఫ్యూరా-2 ఈ వంశానికి పెద్దన్న వంటిది. చియెన్ 2008లో మరో ప్రతిదీప్తి పనికి నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మనకు దగ్గర్లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో తిమ్మయ్య గోవిందరాజు బృందం అమిలాయిడ్‌ను చూపే అణువులను, చూపుతూనే అడ్డుకునే అణువులను తయారుచేస్తున్నది.

పసుపు తింటే జబ్బు పోతుందా?

ఈ విషయం మీద ఎక్కడ మాట్లాడినా చివర్లో వచ్చే ప్రశ్న ఇది. పోతుందని నేను చెప్పలేను. చెప్పేవాళ్ళను నమ్మవద్దు. పసుపులో కర్కుమిన్ ఉండేది నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది అతిస్వల్పం. కాలిఫోర్నియాలో ఆల్జీమర్స్ రోగులకు 24 వారాలు కర్కుమిన్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2012లో అచ్చయింది. మేలు కనపడలేదు. ఇంకో తమాషా ఉంది. కర్కుమిన్ తానే వెలిగే అణువు, కనపడ్డ ప్రతి మాంసకృత్తికీ అంటుకునే అణువు. అందువల్ల వెలుగును కొలిచే మందుల పరీక్షల్లో పనిచెయ్యకపోయినా చేసినట్టు కనిపించి మోసగించగలదని 2017లో కొందరు ఔషధ రసాయనశాస్త్రజ్ఞులు గట్టిగా హెచ్చరించారు. మంచి దీపం మంచి మందు కానక్కరలేదు. కూరలో పసుపు వేసుకోండి, అవ్వకు డాక్టరును కూడా చూపించండి.

ఎందుకంటే ముందుగా చూడడానికి ఇప్పుడు విలువ పెరిగింది. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. ఇవి జబ్బును పోగొట్టవు, నడకను కొంత నెమ్మదింపజేస్తాయి. మెదడు వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాలున్నాయి. అదీ జబ్బు తొలిదశలో ఉండి, అమిలాయిడ్ ఉన్నట్టు రుజువైనవారికే. రుజువు చెయ్యడానికి మళ్ళీ ఆనవాలు అణువే కావాలి. 2025 మే నెలలో అమెరికాలో అనుమతి పొందిన ఒక రక్తపరీక్ష, రక్తంలోని టౌ, అమిలాయిడ్ ముక్కల నిష్పత్తిని రసాయన చర్యలో పుట్టే వెలుగుతో కొలుస్తుంది. సైక్లోట్రాన్ సున్నిపెంటకు రాదు. కాని సున్నిపెంటలో తీసిన రక్తం, ఐస్ పెట్టెలో హైదరాబాదుకో బెంగళూరుకో పోగలదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఈ రంగంలో పనిచెయ్యడానికి మొదట కావలసింది కోట్ల రూపాయల యంత్రం కాదు. మన ప్రయోగశాలలో ఉన్న స్పెక్ట్రోఫ్లోరోమీటరు, ఒక మంచి ప్రశ్న చాలు. పార్కిన్‌సన్స్ సైన్యూక్లిన్‌కు, అమిలాయిడ్‌కు తేడా చెప్పగల అణువు ఎలా ఉండాలి? పెద్ద గడ్డ కట్టకముందే, నాలుగైదు బండలు పేరుకున్న దశలోనే వెలిగే అణువు చెయ్యగలమా? చవగ్గా, జిల్లా ఆస్పత్రిలో వాడగలిగేలా చెయ్యగలమా? ఈ మూడు ప్రశ్నలకూ నిండైన జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. మా గది రెండో అంతస్తులో ఉంది. నీలలోహిత దీపం, రెండు గ్లాసులు, డబ్బాలో పసుపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఏ మధ్యాహ్నమైనా రావచ్చు.